కిటికీపక్క సీటు రక్షణలో ఫరంగీస్ పరాక్రమం

స్వస్తి! హిమకిరీటధారియైన అల్‌బుర్జ్ పర్వతరాజు వసంతపుటెండలో తల ఆరబెట్టుకొనుచున్న వేళ, ద్రాక్షావనవేష్టితమైన ఖజ్వీన్ మహానగరము మధ్యాహ్నపు కునుకు తీయుచున్న ఒకానొక బుధవారమున, మూడంతస్తుల భవనపు మెట్లమీద, దోసకాయలసంచీధారిణియైన ఫరంగీస్ అను వీరవనితకు నోరుజారుట యను ఘోరవిపత్తు సంభవించెను.

తొమ్మిదేండ్లు! అలమూత్ కొండకోట దాటి, కారు చక్రమెరుగని ఎగువలోయను ఒక్కసారి చూపుమని తొమ్మిదేండ్లు ఆ సాధ్వి భర్త చెవిలో జపించగా జపించగా, ఇరజ్ అను ఆ శిలాహృదయుడు కరిగి, గురువారము తెల్లవారగనే బయలుదేరి శుక్రవారమునకు మరలివచ్చు దండయాత్రకు సమ్మతించెను. వ్యూహము సిద్ధమయ్యెను. సారథి ఇరజ్. ముందు సీటు అతని అన్నగారిది. పెద్దవాడు, అంతకంటె పెద్ద శరీరము గలవాడు. వెనుక గుడారము, కంబళ్ళు, అన్నపు గిన్నె, తేనీరు కాచు సమోవారు కప్పుదాక పేర్చగా మిగిలినది ఒకే యొక్క జానెడు సింహాసనము. కుడివైపు కిటికీపక్కది. అది ఫరంగీస్‌ది.

ఆ మెట్లమీదనే ఎదురయ్యెను, కింది వాటా తూబా ఖానుం, సప్తతివర్షీయసి, వాక్చతుర. ప్రయాణమెచ్చటికని ఆమె అడుగగా, దేశాచారము ననుసరించి ఫరంగీస్ "మీరూ రండి" అనెను. ఆచారము ననుసరించి ఆమె వలదనెను. ఆ దేశమున ఒకసారి పిలుచుట మర్యాద, రెండవసారి పిలుచుట మరింత మర్యాద, మూడవసారి పిలిచినచో మాత్రము పిలిచినట్లే. ఈ ధర్మసూక్ష్మము ఉగ్గుపాలతో నేర్చినదే ఫరంగీస్! రెండవసారియు పిలిచి, రెండవసారియు వలదనిపించుకొని, విజయవంతముగా మరలునంతలో సంచీ చెవి తెగినది. దోసకాయలు దొర్లినవి. వంగలేక వంగి వాటిని ఏరిపెట్టిన ముసలమ్మను చూడగా గుండె కరిగి, లెక్క మరచిన నాలుక మూడవ బాణమును విడిచెను.

"మీరు రాకపోతే మాకేం బావుంటుంది పిన్నిగారూ."

తూబా ఖానుం చేత దోసకాయతో ఒక్కక్షణము నిలిచెను. "సరే తల్లీ, ఇంతలా అంటున్నావు కాబట్టి."

ఈ వార్త విని ఇరజ్ ఆగ్రహింపలేదు. అంతకంటె దారుణముగా శాంతించెను. "పెద్దావిడ్ని ఆపలేం కదా. నువ్వు వచ్చే ఏడు చూద్దువుగానిలే."

ఆ మాట విన్న ఫరంగీస్ కుంకుమపువ్వు పాయసము గిన్నెను డాలువలె ధరించి కింది వాటాను ముట్టడించెను. తూబా ఖానుం తేనీరు పోసెను. యుద్ధమారంభమయ్యెను. ఘాటురోడ్డు వంపులలో కడుపు తిప్పునని ఈమె అస్త్రము వేయగా, తన పెనిమిటి ముప్పదియేండ్లు బస్సు నడిపినాడు, వంపులు తనకు ఉయ్యాలలని ఆమె ఖండించెను. చలి యనగా కంబళి చూపెను. రెండు గంటల నడక యనగా కంచరగాడిద కలదనెను. కడపటి బ్రహ్మాస్త్రముగా ఎలుగుబంట్లను ప్రయోగింపగా, "నన్ను తిని అదేం బాగుపడుతుందే" అని ముసలమ్మ నవ్వెను.

నిరాయుధయై ఫరంగీస్ కప్పు దించునంతలో, తూబా ఖానుం తేనీరు ఊదుకొనుచు అనెను: "అయినా నాకెందుకులే తల్లీ. మీకు ఇరుకు."

ఆహా! కోటతలుపు కిర్రుమన్నది. కాని త్రోసికొని పోరాదు. పెద్దలు మానుకొందునన్నను రెండుమార్లు కాదనవలెను.

"ఇరుకేంటండీ, మీ పాదం మా కళ్ళమీద."

"మోకాళ్ళు కూడా సలుపుతున్నాయి."

"దానికేం, మేం ఎత్తుకెళ్ళమూ."

"కాదులే. నేను రాకపోతేనే మంచిదేమో."

మూడవది! నలుబదియేండ్ల సంస్కారము సింహమువలె గర్జించుచు ఫరంగీస్ కంఠమునకు ఎగబ్రాకెను. "అయ్యో" అను శబ్దము పండ్ల వెనుకకు వచ్చి నిలిచెను. అపుడా ధీర, తేనీటితో కొరుకు చక్కెరగడ్డల డబ్బాలో చేయిపెట్టి ఒక ముక్క, వెంటనే మరియొకటి, ఆపై మూడవది నోట కుక్కుకొని తన నాలుకను తానే చెరసాలలో బంధించెను. గోడగడియారము టిక్కుమన్నది. సమోవారు బుసకొట్టినది. చక్కెర ప్రాకారములు ఒక్కొక్కటిగ కరుగుచుండ, ముసలమ్మ చూపు ఆమె ఉబ్బిన బుగ్గలమీద నిలిచియుండెను.

అంతట తూబా ఖానుం గుండెనిండ ఊపిరి వదలెను. "హమ్మయ్య. నువ్వెప్పుడు ఊరుకుంటావా అని చూస్తున్నానే పిల్లా. మూడోసారి పిలిచాక రానంటే నిన్ను చిన్నబుచ్చినట్టు కాదూ? ఇందాకట్నుంచీ ఆ కొండలు తలుచుకుని మోకాళ్ళకి నూనె రాసుకుంటున్నా."

ఇరువురును చాలాసేపు నవ్విరి. పిదప ముసలమ్మ లోనికేగి, ఏడేండ్లు ఊరిన వెల్లుల్లి పచ్చడి జాడీ నొకదానిని తెచ్చెను. "లోయలో మా చెల్లెలుంది. దానికీ నాకూ మాటల్లేవు, పచ్చడి మాత్రం పంపుతుంటా. ఒళ్ళో పెట్టుకో, ఒరిగితే కారుతుంది."

చక్కెర అప్పటికి పూర్తిగా కరిగియుండెను.

"ఒక్కటేనా పిన్నిగారూ? ఇంకేమైనా ఉంటే ఇవ్వండి."

తూబా ఖానుం ఈసారి వలదనలేదు. రెండవ జాడీ తెచ్చెను.

వినుడు, జనులారా! గురువారము ప్రభాతవేళ, సకల ఖజ్వీన్ నగరము సాక్షిగా, ఫరంగీస్ మహాదేవి కుడివైపు కిటికీపక్క సీటును, జానెడు స్థలములో వెంట్రుకవాసియైన తరుగకుండ జయించి అధిష్ఠించెను. ఒడి మాత్రము పచ్చడి వశమయ్యెను.