తూకం రిజిస్టరులో మూడో గడి

క్యాన్సర్ పరిశోధనశాలలన్నింటికీ రేపు పొద్దున్నే తాళాలు వేసేయాలని నా డిమాండ్! అప్పుడే పేపరు విసిరికొట్టకండి. చెప్పేది పూర్తిగా వినండి.

మీ జేబులో ఫోనుందా? అందులో బంధువుల వాట్సాప్ గ్రూపుందా? ఇంకేం! రోజుకు మూడు మందులు అందులోనే పుడుతున్నాయి. పాపం ఆ శాస్త్రవేత్తలు ఇరవయ్యేళ్లు మైక్రోస్కోపులకు కళ్లప్పగించి కూర్చున్నా తేలనిదాన్ని మన బాబాయి పళ్లు తోముకుంటూ తేల్చేస్తున్నాడు. పైగా ఉచితం. 'పదిమందికి పంపండి, ఒక ప్రాణం కాపాడండి' అని చివర్లో మనకూ కాస్త పుణ్యం మిగులుస్తున్నాడు. ఇంత సౌకర్యం మన తాతలకు ఉండేదా?

నాకీ జ్ఞానోదయం ఒక స్నేహితుడి వల్ల కలిగింది. దుకాణాల్లో త్రాసులు సరిగ్గా తూస్తున్నాయో లేదో చూసి సీలు వేసే ఉద్యోగం అతనిది. అందుకే మేమంతా 'తూకం' అనేవాళ్లం. కూరగాయల కొట్టుకు సంచీ పట్టుకుని వెళ్లినా సరే, కొట్టతను ముందు త్రాసు తుడిచి, ఆ తర్వాత నమస్కారం పెట్టేవాడు.

రెండేళ్ల కిందట తూకానికి కడుపులో క్యాన్సరని తేలింది.

ఇక చూడండి! వారం తిరక్కుండా వాళ్ల ముందుగది మెడికల్ కాలేజీ అయిపోయింది. గుమ్మం దగ్గర చెప్పులు విడవడానికి చోటు చాల్లేదు. పక్కింటి డ్రిల్లు మాస్టారు రోజూ వేడినీళ్లు ఏడు గుక్కలు తాగమన్నారు, పొరపాటున ఎనిమిదోది తాగితే ఫలితం పోతుందట. మేనత్త ఏదో ఆకు పసరు సీసాలో పోసి తెచ్చింది. ఏ ఆకో చెబితే పనిచేయదంది. ఆఫీసులో కంప్యూటర్లు బాగుచేసే ఆయన ఎడమవైపు తిరిగి పడుకుని గట్టిగా నవ్వమన్నాడు. తూకం అక్కడికక్కడే నవ్వేశాడు, కూర్చునే.

అంత మాత్రాన ఎవరినీ కసరలేదు. ఆఫీసు అలవాటు కొద్దీ ఒక రిజిస్టరు తెరిచి నాలుగు గడులు గీశాడు. మందేమిటి? ఎవరు చెప్పారు? ఎంతమందికి ఇచ్చి చూశారు? ఇవ్వనివాళ్ల సంగతేమైంది? వచ్చినవాళ్లకు కాఫీ ఇప్పించి, పెన్ను చేతిలో పెట్టేవాడు.

"అదేంట్రా, ప్రేమకొద్దీ చెబితే లెక్కలడుగుతావా?" అని మేనత్త కళ్లొత్తుకుంది.

"ప్రేమకి లెక్క అడగట్లేదత్తా, మందుకి అడుగుతున్నా. ఊరందరి త్రాసులూ చూసి సీలేశాను. నా ఒంట్లోకి వెళ్లేదానికి సీలక్కర్లేదా?"

మూడో గడి, నాలుగో గడి ఎవరూ నింపలేదు. మొత్తం రిజిస్టరులో ఒక్క వరసే నిండుగా ఉంది. ఆసుపత్రిలో కొత్త మందు మీద పరిశోధన చేస్తున్న డాక్టరమ్మ రాసిందది. కొత్త మందు ఎంతమందికి ఇచ్చారో, పాత మందు మీదే ఎంతమందిని ఉంచారో, ఎంతమందికి పనిచేయలేదో, ఏయే బాధలు వచ్చాయో అంతా రాసింది. గడి చాలక పక్కన మార్జిన్లో కూడా రాసింది. అంతా చేసి చివరికి ఏమందో తెలుసా? 'కొందరికి కొన్ని నెలలు ఎక్కువ దొరకవచ్చు' అంది! గ్యారంటీ లేదు, అద్భుతం లేదు, పదిమందికి పంపమన్న మాటే లేదు. ఇలాంటిదాన్ని ఎవరైనా ఫార్వర్డ్ చేస్తారా?

తూకం ఆ పరిశోధనలో చేరాడు. అనుకున్నదానికన్నా పదకొండు నెలలు ఎక్కువే ఉన్నాడు. ఆ నెలల్లో కూతురికి స్కూటరు నేర్పి, రెండుసార్లు గోడకు గుద్దించాడు. "మందు గెలిచిందిరోయ్!" అని నేను గంతులేస్తే విసుక్కున్నాడు.

"నా ఒక్కడితో ఏం తేలుద్దిరా? ఒక్క అరటిపండు తూచేసి త్రాసు మంచిదంటే ఊరుకుంటానా నేను? ఇంకా చాలామందికి ఇచ్చి చూడాలి. డబ్బుల్లేక తర్వాతి విడత ఆపేశారంట. నువ్వు వారం వారం పేపర్లో ఏదో ఒకటి గిలుకుతావుగా, దీని గురించి ఒకటి రాయొచ్చుగా?"

"రాస్తాలే," అన్నాను.

రాయలేదు. ఆదివారం పూట కాఫీ తాగుతూ క్యాన్సర్ గురించి ఎవరు చదువుతారులే అనుకున్నాను. ఆ వారం లిఫ్టులో మోగే సంగీతం మీద రాశాను. తర్వాతి వారం గొడుగుల మీద. గొడుగులకు బోలెడు ఉత్తరాలొచ్చాయి. తూకం మళ్లీ మళ్లీ అడిగాడు, నేను మళ్లీ మళ్లీ రాస్తాలే అన్నాను. వాడు పోయి ఇవాళ్టికి నలభై రోజులు.

నిన్న చెల్లెమ్మ, అంటే తూకం భార్య, ఆ రిజిస్టరు తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "మీ పేరు కూడా ఉందన్నయ్యా, చూసుకోండి," అంది.

రెండు చోట్ల ఉంది. మొదటిది నేనే ఒకనాడు చదవకుండా వాడికి తోసేసిన ఫార్వర్డ్, వేడినీళ్లలో నిమ్మకాయ. ఎంతమందికి ఇచ్చి చూశారన్న మూడో గడిలో తూకం గుండ్రంగా సున్నా చుట్టాడు. తలకాయ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు నాకు.

రెండోది ఆఖరి పేజీలో, ఆఖరి వరస. అక్షరాలు వణికి ఉన్నాయి. మందు: పరిశోధనకు డబ్బివ్వమని పేపర్లో కాలమ్. చెప్పినవాడు: మా కాలమిస్టు, నాలుగుసార్లు. మూడో గడి ఖాళీ. అక్కడ సున్నా చుట్టలేదు వాడు. చుట్టి ఉంటే ఇంత ఏడుపొచ్చేది కాదు.

కాబట్టి నా డిమాండ్ వెనక్కి తీసుకుంటున్నాను. ఎలాగూ అక్కర్లేదు కూడా. మనం పట్టించుకోకపోతే చాలు, పరిశోధనశాలలు వాటంతటవే మూతపడతాయి. బాబాయి మందును పదిమందికి పంపడానికి పట్టేంత సేపే పడుతుంది, మీకు నమ్మకమున్న క్యాన్సర్ పరిశోధనకు ఎంతో కొంత పంపండి. పంపాక నాకొక ముక్క రాయండి. గొడుగులకు రాశారుగా!

మందు ఇచ్చేశాను, ఆలస్యంగానైనా. మీ ఉత్తరాలు లెక్కబెట్టి మూడో గడిలో అంకె వేయాల్సింది ఇప్పుడు నేను. రిజిస్టరు ముందు పెట్టుకుని, పెన్ను మూత తీసి కూర్చున్నాను.