లోపల మనిషి

ఆ రోజు షిఫ్టు మధ్యలో భార్యకు తన మిషన్ చూపించాలని పరుశురాం అనుకున్నాడు. అంతకుమించి అతనికి ఏ దురుద్దేశమూ లేదు. అతను సూరత్ శివారు సచిన్ అనే పారిశ్రామికవాడలోని బట్టల మిల్లులో పనిచేస్తాడు. భార్య జమున జగిత్యాల దగ్గరి ఊళ్లో, అత్త నర్సవ్వతో ఉంటోంది. పెళ్లయ్యాక ఇద్దరూ కలిసున్నది పట్టుమని పది రోజుల్లేదు. రోజూ ఫోన్లో "తిన్నవా?", "తిన్న" అయ్యాక మాటలు దొరికేవి కావు. ఫోన్ పెట్టేయడానికీ మనసొప్పేది కాదు. అలాంటి ఓ మౌనంలో జమున, "నీ మిషన్ ఎట్లుంటదో జర చూపియ్యవా?" అంది. ఆ మాటతో పరుశురాంకు తన మిషన్ మీద మొదటిసారి గౌరవం కలిగింది.

దానికి కొత్తగా సెన్సర్లు బిగించారు. నడుస్తుండగా పసుపు గీత దాటి చెయ్యి పెట్టినా టక్కున ఆగిపోతుంది. ఎర్రదీపం వెలిగి, ఓ ఆడగొంతు "అందర్ ఆద్మీ హై!" అని హిందీలో అరుస్తుంది. లోపల ఎవరూ లేరని సూపర్‌వైజర్ నరహరి కళ్లారా చూసుకుని మీట నొక్కితేగానీ మళ్లీ నడవదు.

"గా గిరగిర తిరిగేది ఏంది?" అంది జమున వీడియోలో.

"రోలర్."

"మంచిగ కనవడ్తలేదు. దగ్గరికి పెట్టు."

పరుశురాం చెయ్యి చాచాడు. మిషన్ ఆగింది. "అందర్ ఆద్మీ హై!" అన్న కేకకు అదిరిపడి ఫోన్ వదిలేశాడు. అది జారి రోలర్ కింది బట్టల కుప్పలో మునిగిపోయింది.

నరహరి పరుగెత్తుకొచ్చాడు. "లోపల ఎవడున్నడ్రా?"

మిషన్ దగ్గర ఫోన్ వాడితే పని పోతుంది. "ఎవరు లేరు సాబ్" అన్నాడు పరుశురాం. ఆ గొంతులోని వణుకు విని నరహరి సరిగ్గా వ్యతిరేకంగా అర్థం చేసుకున్నాడు. గబగబా అందరినీ లెక్కపెట్టాడు. ఒకడు తక్కువ.

"గంగారాం ఏడి? గంగారాం పడ్డడు! బట్ట గుంజుండ్రి!"

అందరూ బట్ట లాగసాగారు. చెప్పకుండా చాయ్ తాగడానికి పోయిన గంగారాం అప్పుడే తిరిగొచ్చాడు. ఎవరో "మంచోడుండె పాపం, చిన్నపిల్లలు" అని ఏడుస్తుంటే, పోయిందెవరని అడగడానికి నోరు రాక తానూ బట్ట లాగుతూ కళ్లు తుడుచుకున్నాడు. ఇంతలో కుప్పలోంచి ఫోన్ మోగింది.

"గంగారాంది! గంగారాం ఫోనే!"

"కాదన్నా" అన్నాడు గంగారాం ఏడుస్తూనే. "నాది నా జేబులున్నది."

అందరి చూపూ అతని వైపు తిరిగింది. దొరికిన పరుశురాం ఫోన్ నరహరి చేతిలోనే ఆరిపోయింది. "రేపటి సంది గోదాంల మూటలు మొయ్యి" అని పరుశురాంతో చెప్పి మీట నొక్కాడు.

అక్కడ ఊళ్లో జమునకు కనిపించిందీ వినిపించిందీ ఇంతే: తిరిగే రోలర్, చీకటి, ఓ కేక. మళ్లీ చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఒకప్పుడు సూరత్‌లో పనిచేసొచ్చిన పక్కింటి లక్ష్మీరాజం దగ్గరికి పరుగెత్తింది.

"అందర్ ఆద్మీ హై అంటే ఏంది కాకా?"

"లోపల మనిషున్నడని. ఎందుకు బిడ్డా?"

ఆమె అప్పటికే సంచి సర్దుకోవడానికి ఇంటికి పరుగెత్తింది.

పరుశురాం గంగారాం ఫోన్‌తో రాత్రిదాకా ప్రయత్నించాడు. జమున ఫోన్ పనిచేయలేదు. మర్నాడు సాయంత్రం దిగులుగా మిల్లు గేటు దాటేసరికి ఎదురుగా ఆమె నిలబడి ఉంది. రైలు దుమ్ముతో, వాచిన కళ్లతో. అతని చేతులు పట్టుకుని వేళ్లన్నీ ఒక్కొక్కటే తడిమి చూసింది.

"నాకేం గాలే. ఫోన్ ఒక్కటే పోయింది" అన్నాడతను.

"గది జెప్పెటందుకు ఎవ్వరి ఫోన్ దొర్కలేదా?"

"చేసిన. నీదే కలవలే."

"రైల్ల చార్జింగ్ అయిపోయింది." ఆమె కళ్లు తుడుచుకుంది. "మంచిగనే ఉన్నవు గద. ఇగ పోవాల్నా మరి?"

"వద్దు" అన్నాడు పరుశురాం. ఆమె సంచి అందుకుని, తన గది ఉన్న భేస్తాన్ బస్సు వైపు నడిచాడు. ఆమె అతని చొక్కా అంచు వదల్లేదు.

భేస్తాన్ గదిలో అతనితో అద్దెకుంటున్న మిగతావాళ్లకు ఆ వారమంతా డాబా మీద పడుకుంటే గాలి బాగా వీస్తుందని తెలిసొచ్చింది.