మీకు మరింత మేలైన సేవ కోసం మూసివేయడమైనది

ఆల్డర్ లేక్ పట్టణ ప్రజలకు తెలియజేయడమైనది ఏమనగా, ప్రజలను ఆప్యాయంగా లోపలికి ఆహ్వానించడం ఎలాగో మా సిబ్బంది నేర్చుకోవలసి ఉన్నందున, వచ్చే సోమవారం గ్రంథాలయంలోకి ఎవరినీ రానివ్వడం జరగదు.

పోయిన ఏడాది నవంబరులో ఈ ప్రకటనను నేనే టైపు చేసి ముందు తలుపు అద్దానికి అంటించాను. మా డైరెక్టరు లోర్నా థోర్స్‌గార్డ్ గారు చదివి, 'రానివ్వడం జరగదు' అన్న మాట కాస్త కటువుగా ఉందన్నారు. దాన్ని తీయించి 'మీకు మరింత మేలైన సేవ కోసం మూసివేయడమైనది' అని రాయించారు. కింద నవ్వు ముఖం బొమ్మ కూడా వేయించారు. తలుపు మూసి ఉన్నా మనసు తెరిచే ఉందని జనానికి తెలియాలి కదా.

ఏటా ఒక రోజు ఇలా తలుపులు మూసుకుని మెరుగుపడటం మా ఆచారం. నేను పుస్తకాలిచ్చే కౌంటరులో చేరిన నాటినుంచీ మెరుగుపడుతూనే ఉన్నాం. ఒక ఏడాది ఊపిరి పీల్చడం నేర్పారు. అంతకుముందు మాకు రాదని కాదు, శాస్త్రీయంగా రాదు. ఇంకో ఏడాది ఎండు సేమ్యా పుల్లలతో, మిఠాయి ముక్కలతో గోపురం కట్టించారు. మా గోపురమే అన్నిటికన్నా ఎత్తు. ఆ ఏడాదంతా జనం వాడే ప్రింటరు పనిచేయలేదన్నది వేరే సంగతి. మరో ఏడాది మనుషులకు స్వభావాన్ని బట్టి రంగులు పంచారు. నేను నీలం, నా పక్కన కూర్చునే డోరీన్ నారింజ. నీలానికీ నారింజకూ పొసగదని తేల్చి, ఎంతో స్నేహంగా ఉండే మా ఇద్దరినీ శీతాకాలమంతా చెరో మూలన కూర్చోబెట్టారు.

పోయిన ఏడాది పాఠం సానుభూతి. నేర్పడానికి మినియాపొలిస్ నుంచి బ్రెంట్ కెస్లింగ్ అనే ఆయన వచ్చారు. ఆయన కార్డు మీద 'సేవానుభవ శిల్పి' అని ఉంది. ఆయన ఏనాడూ గ్రంథాలయంలో పనిచేయలేదు. అందువల్లే ఆయన చూపు చెడిపోలేదని లోర్నా గారు గర్వంగా పరిచయం చేశారు.

బ్రెంట్ గారు వస్తూనే మా అందరి ఫోన్లూ ఒక బుట్టలో వేయించుకుని, మా చొక్కాలకు తలా ఒక ఆకుపచ్చ చుక్క అంటించారు. తర్వాత బోర్డు మీద మూడు మెట్లు రాశారు. తల పక్కకు వంచు. ఎదుటివారి బాధకు పేరు పెట్టు. పంచుకున్నందుకు ధన్యవాదాలు చెప్పు.

డోరీన్ చెయ్యెత్తింది. "మరి వాళ్ళకి కావల్సిన పని చేసిపెట్టడం ఎన్నో మెట్టండీ?"

"అది పాత పద్ధతి డోరీన్," అన్నారాయన జాలిగా. "సమస్య తీర్చేస్తే ఏమవుతుంది? సమస్య పోతుంది. దాంతోపాటు మనిషీ వెళ్ళిపోతాడు. ఇంక మన అనుబంధం ఎక్కడ మిగులుతుంది? మనం మరమ్మతు చేసేవాళ్ళం కాదు. మనం వినేవాళ్ళం."

ఇంత లోతైన మాట విని మేమంతా రాసుకున్నాం. నేనైతే కింద గీత కూడా గీశాను.

అప్పుడే ముందు తలుపు ఎవరో కొట్టారు. చూస్తే వెర్నా పుల్కినెన్. డెబ్బై దాటిన మనిషి. రోజూ మేం తలుపు తీయకముందే వచ్చి నిలబడుతుంది. కిటికీ పక్క కంప్యూటరు ఆవిడదే అని ఊరంతా ఒప్పుకున్న విషయం. ఎండైనా వానైనా నెత్తిన అదే గోధుమరంగు ఊలు టోపీ, దానికి చిమ్మట కొరికిన చిల్లు. లోర్నా గారు అద్దం దగ్గరకు వెళ్ళి చిరునవ్వుతో ప్రకటన చూపించారు. వెర్నా తన చేతి గడియారం చూపించింది. లోర్నా గారు నవ్వు ముఖం బొమ్మ చూపించారు. వెర్నా ఏదో గొణుక్కుంటూ పోయి తన పాత ట్రక్కులో కూర్చుంది. మాట లేకుండా స్వాగతం పలకడమంటే ఇదేనని బ్రెంట్ గారు మెచ్చుకుని, లోర్నా గారికి రెండో చుక్క అంటించారు.

"ఇక అసలు పరీక్ష," అన్నారు బ్రెంట్ గారు. "కాసేపట్లో ఒక నాటక కంపెనీ నుంచి నటులొకరు వస్తారు. నేనూ ఇంతవరకు చూడలేదు. చాలా ఇబ్బంది పెట్టే ముసలివారి వేషం. మీ దగ్గరికి రోజూ వచ్చేవాళ్ళ గురించి ముందే అంతా తెలుసుకుని వస్తారు. ఏడుస్తారు, అరుస్తారు, నేను నటుణ్ణి కాదు నిజం మనిషిని అని కూడా అంటారు. మోసపోకండి. కుర్చీలోంచి లేచి పని చేసిపెట్టారంటే మీరు ఓడిపోయినట్టే."

సరిగ్గా ఆ సమయానికి తలుపు మళ్ళీ చప్పుడైంది. బ్రెంట్ గారు పరుగున వెళ్ళి తీశారు.

"అమ్మయ్య, తీశార్రా నాయనా," అంటూ లోపలికొచ్చింది వెర్నా. తిన్నగా నా దగ్గరికే వచ్చింది. "గెయిల్, తల్లీ, ఒక్క అరగంట కంప్యూటరు ఇవ్వు. బర్చ్ టెర్రస్ లేదూ, పెద్దవాళ్ళకిచ్చే ఇళ్ళు? అక్కడ కింది అంతస్తులో ఒకటి ఖాళీ అయిందంట. దరఖాస్తు కంప్యూటర్లోనే పెట్టాలంట, ఇవాళ పన్నెండుతో సరి. నేనుండే ఇల్లు మా ఓనరు అమ్మేశాడు. నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. ఈ మోకాళ్ళేసుకుని నన్నెక్కడికి పొమ్మంటావు?"

నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. ఏం నటన! గొంతు అదే, నడక అదే, గడ్డం మీద పుట్టుమచ్చ అదే. ట్రక్కు తాళంచెవి వేలికి తగిలించుకునే తీరు కూడా అదే. ఆఖరికి టోపీ చిల్లు సైతం ఉన్నచోటే ఉంది. వెర్నాను ఇంత బాగా చేయడం వెర్నా వల్ల కూడా కాదనిపించింది. నా పేరు కూడా కనుక్కుని వచ్చిందంటే ఆ కంపెనీ వాళ్ళ శ్రద్ధకు జోహారు.

ముందుగా లోర్నా గారు తల వంచారు. "మీరు ఆందోళనగా ఉన్నట్టు నాకు వినిపిస్తోంది."

"వినిపించడమేంటి, పొద్దున్నించీ ఆ ట్రక్కులో చలికి గడ్డకట్టుకుపోయి కూర్చున్నా. కంప్యూటరు అదిగో, అక్కడే ఉంది."

అందరూ చప్పట్లు కొట్టారు. డోరీన్ మాత్రం కుర్చీలో కదిలింది. "బ్రెంట్, నాకెందుకో నిజంగా వెర్నాలాగే ఉంది. అది ఆన్ చేసి ఇస్తే మన సొమ్మేం పోయింది?"

బ్రెంట్ గారు నొచ్చుకుంటూనే డోరీన్ చొక్కా మీది ఆకుపచ్చ చుక్క పీకేశారు. డోరీన్ ముఖం ఎర్రబడింది. పాతికేళ్ళ ఉద్యోగంలో ఆమె పోగొట్టుకున్న మొదటి చుక్క అది.

తర్వాత వంతు నాది. నేను తల ఎంత బాగా వంచానంటే బ్రెంట్ గారు ఫొటో తీసుకున్నారు.

"నీకేమైందే గెయిల్, మెడ పట్టేసిందా?" అంది వెర్నా.

"ఇల్లు పోతుందన్న భయం మీలో ఉంది. దాన్ని మాతో పంచుకున్నందుకు ధన్యవాదాలు."

"భయం పంచుకోడానికి రాలేదమ్మా, దరఖాస్తు పెట్టుకోడానికొచ్చా. పన్నెండు కావస్తోంది. నేను వెర్నానే, నిజంగా వెర్నానే. మొన్న నీకు బ్లూబెర్రీ జామ్ సీసా ఇచ్చాను కదే!"

నిజం మనిషినంటారని బ్రెంట్ గారు ముందే చెప్పారు. అయినా జామ్ సంగతి దాకా తెలుసుకోవడం చూసి నాకు ముచ్చటేసింది. వెర్నా గడియారం చూసుకుని కంప్యూటరు వైపు నడవబోయింది. బ్రెంట్ గారు సున్నితంగా అడ్డం నిలబడి, దృశ్యం ఇక్కడితో ముగిద్దామని ప్రకటించారు. మేమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టాం. వచ్చినందుకు గుర్తుగా గ్రంథాలయం బొమ్మ ఉన్న గుడ్డసంచి, ఒక కాఫీ కప్పు ఆవిడ చేతిలో పెట్టాం.

"నాకు సంచెందుకు బాబూ," అంది వెర్నా. "నాకిల్లు కావాలి."

ఆ ఆఖరి మాటకు లోర్నా గారు కళ్ళు తుడుచుకున్నారు. వెర్నా సంచి పట్టుకుని బయటికి పోయింది. తలుపు మళ్ళీ మూశాం, గడియ వేయడం మాత్రం మరిచాం.

నటన మీద అభిప్రాయాలు చెప్పమన్నారు బ్రెంట్ గారు. చాలా సహజంగా ఉందని అందరం అన్నాం. లోర్నా గారు మాత్రం, మోకాళ్ళ ప్రస్తావన కొంచెం ఎక్కువైందనీ, నిజమైన వెర్నా అంత ప్రాధేయపడే మనిషి కాదనీ అన్నారు. అందుకే అయిదు నక్షత్రాలకు నాలుగే ఇచ్చాం.

ఆకలి దంచేస్తోంది. భోజనానికని ఓవెన్లో కాల్చి తెచ్చుకున్న బంగాళాదుంపల వంటకం, హాట్‌డిష్, మూత తీసి వడ్డించుకుంటూ ఉంటే తలుపు తెరుచుకుంది. మోకాళ్ళ దాకా మంచు అంటుకున్న పొడుగాటి మనిషి లోపలికొచ్చాడు. వెనకాల వెర్నా, ఆవిడ చేతిలో మా సంచి.

"ఆలస్యమైంది, ఏమనుకోకండి. కారు మంచులో దిగబడింది. నా పేరు వెండెల్ ఓస్టర్‌హౌస్," అన్నాడతను బూట్లు దులుపుకుంటూ. "బయట బెంచీ మీద ఈ పెద్దావిడ ఏడుస్తూ కూర్చుంది. ఏం కావాలమ్మా అని అడిగా. చెప్పింది. నా ఫోన్లోనే దరఖాస్తు పెట్టేశాం. పన్నెండు కొట్టకముందే పోయిందిలెండి. సరే, ఇబ్బంది పెట్టే ముసలాడి వేషం నాదే. ఎక్కణ్ణుంచి మొదలెట్టమంటారు?"

హాట్‌డిష్ గరిటె ఎక్కడిది అక్కడే ఆగిపోయింది. మేం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేక పళ్ళాల్లోకి చూసుకున్నాం. డోరీన్ ఒక్కతే లేచింది. వెర్నాకు కుర్చీ వేసి, కోటు విప్పించి, పళ్ళెం నిండా వేడివేడిగా వడ్డించింది. తనకు పోవడానికి ఇంక చుక్క కూడా లేదు.

"అద్భుతం!" అన్నారు బ్రెంట్ గారు తేరుకుని. "ఇదే అసలైన అభ్యాస క్షణం. ఇప్పుడు మీకేమనిపిస్తోందో ఒక్కొక్కరూ ఒక్క మాటలో చెప్పండి."

నేను సిగ్గుగా ఉందన్నాను. ఆయన పొద్దున మాకు పంచిన భావాల పేర్ల పట్టీలో ఆ మాట లేదట, ఉన్నవాటిలోంచే ఎంచుకోవాలట. దగ్గరగా ఉన్నది 'ఆశ్చర్యం' ఒక్కటే. అదే చెప్పి కూర్చున్నాను.

వెర్నా నోట్లో ముద్ద మింగి నా వైపు చూసింది. "ఏం గెయిల్, మెడ తిన్నగా అయిందా?" అంది.

తర్వాత అన్నీ శుభాలే జరిగాయి. బర్చ్ టెర్రస్‌లో ఇల్లు వెర్నాకే వచ్చింది. మా వార్షిక నివేదికలో ఆవిడ ఫొటో వేసి, 'సానుభూతి శిక్షణ తొలిరోజునే ఒక వృద్ధురాలికి గూడు' అని రాసుకున్నాం. బ్రెంట్ గారిని ఈ ఏడాదికి కూడా ఖాయం చేశాం. వెండెల్ విషయంలోనే నిరాశపడ్డాం. ఇబ్బంది పెట్టమని పిలిస్తే ఒక్కరినీ ఇబ్బంది పెట్టలేదు. పైగా తల వంచకుండా, బాధకు పేరు పెట్టకుండా, ఏం కావాలని మొరటుగా అడిగేసి పని కానిచ్చేశాడు. అలాంటివాడిని మళ్ళీ పిలిస్తే సిబ్బంది చెడిపోతారని అతనికి రెండు నక్షత్రాలిచ్చి సరిపెట్టాం.

వెర్నా ఇప్పుడు మా దగ్గరికి రావడం లేదు. కొత్త ఇంట్లోనే ఇంటర్నెట్టు ఉందట. ఆదివారాలు యాలకుల రొట్టె కాల్చి వెండెల్‌ను కాఫీకి పిలుస్తుందని డోరీన్ చెప్పింది. డోరీన్ కూడా వెళుతుంది. నన్ను పిలవలేదు. బాధగానే ఉంది, కానీ నా బాధకు నేనే పేరు పెట్టుకుని ఊరుకుంటున్నాను.

ఈ ఏడాది శిక్షణ ఇవాళే. పోయినసారి అనుభవాన్ని దృష్టిలో పెట్టుకుని పాఠానికి 'తలుపు తట్టినప్పుడు' అని పేరు పెట్టారు. అద్దానికి నవ్వు ముఖం ఈసారి ఇంకా పెద్దది వేశాం. డోరీన్ సెలవు పెట్టింది. మిగిలిన వాళ్ళం ఫోన్లు బుట్టలో పడేసి, తలా ఒక డోనట్ తీసుకుని, పాఠం పుస్తకం మొదటి పేజీ తిప్పామో లేదో, నిజంగానే తలుపు తట్టిన చప్పుడైంది.

అద్దం అవతల ఒకతను చంటిపిల్లను చంకనేసుకుని నిలబడ్డాడు. రెండో చేతిలో ఏదో కాగితం మంచుకు తడుస్తోంది.

లోర్నా గారు మెల్లగా అడిగారు. "బ్రెంట్, ఈయన మీ నటుడేనా?"

"లేదండీ, ఈసారి నేనెవర్నీ పిలవలేదు," అన్నారు బ్రెంట్ గారు పుస్తకం తిరగేస్తూ. "అంటే ఈయన నిజం మనిషే. నిజం మనుషుల పాఠం వచ్చే ఏడాదికి పెట్టాను."

అందరం నిట్టూర్చి, తలలు పక్కకు వంచి అద్దం వైపు చూస్తున్నాం. లేచి ఒక్క గడియ తీస్తే పోయేదానికి ఇంత రాద్ధాంతం ఎందుకని మీరు అనుకుంటున్నారు. అనుకుంటూ మీరు కూడా తల పక్కకే వంచారు, అయ్యో పాపం అని బాధకు పేరు పెట్టారు, కుర్చీలోంచి మాత్రం లేవలేదు. ఏ శిక్షణా లేకుండానే మీకు ఇంత బాగా వచ్చినందుకు మాకెంతో సంతోషం. అతను ఇంకా తడుతూనే ఉన్నాడు. మీరు ఇటు జరిగి కూర్చోండి, డోనట్లు ఇంకా ఉన్నాయి.