తుపాకికి బొట్టు

ఆ శనివారానికి తేజేశ్వర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే అమెరికాలో తాముండే ఆష్‌బర్న్‌లో బయల్దేరి కొండల వైపున్న తన అయిదెకరాల స్థలానికి వెళ్ళడం, చెట్టుకింద కుర్చీ వేసి భార్యను కూర్చోబెట్టడం, ఫ్లాస్కులో టీ పోసివ్వడం, మట్టికట్ట ముందు పెట్టిన కాగితం మీదకి కాసిని తూటాలు పేల్చుకుని మధ్యాహ్నానికి ఇల్లు చేరడం.

పథకం చిన్నదే గానీ స్థలం ఉంటుందో పోతుందో దానిమీదే తేలాలి. కొన్న నాటినుంచి ఆ అయిదెకరాలంటే జయంతికి పడదు. అక్కడ ఇల్లు లేదు, పంట లేదు, గడ్డి మాత్రం అడక్కుండానే పెరుగుతుంది. చివరికి ఆమె ఒక మాట తేల్చేసింది. ఒక్కసారి వచ్చి చూస్తుంది. నచ్చకపోతే సోమవారం అమ్మకానికి పెట్టాలి. అతను సరేనన్నాడు. వాదించే ఓపిక అతనికి ఎప్పుడో అయిపోయింది.

నిజానికి తేజేశ్వర్‌కి తుపాకి మీద మోజేమీ లేదు. ఇంటి వెనకున్న డేటా సెంటర్ రాత్రింబవళ్ళు రొద పెడుతుంది. ఆఫీసు ఫోను దానికంటే నయమేమీ కాదు. స్థలంలో గురి చూసి కాల్చేటప్పుడు మాత్రం చెవులకు పెద్ద మూతలు పెట్టుకోవాలి. అవి పెట్టుకున్నవాణ్ణి ఎవరూ ఏదీ అడగరు. అతను కొనుక్కున్నది ఆ నిశ్శబ్దాన్ని. తుపాకి దానితో పాటు వచ్చింది.

పథకం శుక్రవారమే చెడింది. కూర తరుగుతూ జయంతి వసుమతికి ఫోన్ చేసింది. వసుమతి ఆ చుట్టుపక్కల తెలుగువాళ్ళకి పెద్దదిక్కు. దసరాకి కారుకీ, లాప్‌టాప్‌కీ, మిక్సీకీ కూడా బొట్టు పెట్టి, ఇంట్లో ఉన్న అసలు ఆయుధాన్ని మాత్రం వదిలేశారని తెలిసి ఆవిడ చాలా నొచ్చుకుంది.

"పూజ చేయని ఆయుధాన్ని అలా ముట్టుకోకూడదు జయంతీ. మేం కూడా వస్తాంలే, చిన్నగా కానిచ్చేద్దాం" అంది.

పూజ అన్నాక ప్రసాదం ఉండాలి. ప్రసాదం అంటే పులిహోర. పులిహోర అంటే తినేవాళ్ళు కావాలి. అందుకని వసుమతి వాట్సాప్ గ్రూప్‌లో, తేజా వాళ్ళ కొత్త స్థలంలో రేపు పూజ, భోజనాలు అని పెట్టింది. తుపాకి మాట రాస్తే బాగుండదని రాయలేదు. చదివినవాళ్ళందరూ గృహప్రవేశం అనుకున్నారు.

మర్నాడు తేజేశ్వర్ కారు దిగేసరికి వెనక కార్లు బారులు తీరి వస్తున్నాయి. పట్టుచీరలు కట్టుకున్నవాళ్ళు గడ్డిలో దిగబడుతున్న చెప్పులను పీక్కుంటూ ఇంటికోసం వెతికారు. అతని ఆఫీసులోనే పనిచేసే రాకేష్ నాలుగు వైపులా చూసి, "ఇల్లు ఫేజ్ టూలోనా అన్నా?" అని అడిగాడు. ఇల్లు లేదు, కట్టే ఉద్దేశమూ లేదని తేజేశ్వర్ చెప్పాడు. రాకేష్ దాన్ని నమ్రత అనుకున్నాడు.

గృహప్రవేశానికని ఎవరో పెద్ద వేంకటేశ్వరస్వామి పటం తెచ్చారు. దాన్ని పెట్టడానికి గోడ కావాలి. ఆ అయిదెకరాల్లోనూ తిన్నగా నిలబడి ఉన్నది ఒక్కటే, గురి కాగితం తగిలించే చెక్క స్టాండు. తేజేశ్వర్ టీ ఫ్లాస్కు తెచ్చేలోగా స్వామి దానిమీద వెలిశాడు. మెడలో దండ పడింది. స్టాండు కాళ్ళకు పసుపు కూడా రాశారు.

"అక్కా, అది నేను కాల్చుకునే స్టాండు" అన్నాడు తేజేశ్వర్.

"తూర్పు ముఖంగా ఉన్నది ఇదొక్కటే నాయనా" అంది వసుమతి.

"పూజ అయ్యాక పటం తీసేస్తారుగా?"

"పటం తీస్తాం. పూజ అందుకున్న స్టాండుని ఎలా కాలుస్తావు?"

తేజేశ్వర్ భార్య వైపు చూశాడు. జయంతి కారు వెనక నిలబడి, ముప్ఫైమందికి సరిపడా పులిహోరను వచ్చినవాళ్ళందరికీ ఎలా సర్దాలా అని చూస్తోంది. స్థలం అప్పుడే అమ్ముడైపోయినట్టు అతనికి అనిపించింది.

వసుమతి భర్త కోటేశ్వరరావు మంత్రాలు చదివి తుపాకికి బొట్టు పెట్టాడు, గురి చూసే అద్దానికి గంధం రాశాడు. ఇంతమంది కళ్ళు పడ్డాయి గనక దిష్టి తీయాలంది వసుమతి. జయంతి పళ్ళెంలో పసుపూ సున్నమూ కలిపి ఎర్రనీళ్ళు చేసింది. భర్త ముందు మూడోసారి తిప్పబోతుండగా పళ్ళెం జారింది. ఎర్రనీళ్ళన్నీ తేజేశ్వర్ తెల్లచొక్కా మీద పడ్డాయి. ఫరవాలేదన్నాడు. పిల్లలు తిరుగుతున్నారని ఖాళీ తుపాకిని తీసుకుని మట్టికట్ట వెనక్కి వెళ్ళాడు. చాప పరుచుకుని, చెవులకు మూతలు పెట్టుకుని వెల్లకిలా పడుకున్నాడు. వారమంతా దొరకని నిద్ర నిమిషంలో పట్టేసింది.

పక్క పొలం ముసలాయన హ్యాడ్లీకి దారంతా కార్లు అడ్డమై ట్రాక్టరు కదల్లేదు. ఎవరివో కనుక్కుందామని కట్ట వెనకనుంచి నడిచి వచ్చాడు. అక్కడ గుండె నిండా ఎర్రగా తడిసి ఒక మనిషి పడి ఉన్నాడు. పక్కనే తుపాకి. హ్యాడ్లీ పిలిచాడు, అరిచాడు. మనిషి కదల్లేదు. మర్యాదస్తుడు గనక ముట్టుకోకుండా పోలీసులకు ఫోన్ చేశాడు.

సైరన్లు వినబడగానే వీసాల మీద ఉన్నవాళ్ళు విస్తళ్ళు వదిలి లేచారు. వాళ్ళ కార్లకు వాళ్ళ కార్లే అడ్డం. వసుమతి వాళ్ళను కూర్చోమని, పెరుగన్నం వడ్డించింది. ఇంతలో స్ట్రెచర్ పట్టుకుని ఇద్దరు కట్ట వెనక్కి పరిగెత్తడం జయంతి చూసింది. చేతిలో గరిటెతోనే పరిగెత్తింది. దూరంనుంచి ఆ చొక్కా కనబడింది. ఆ ఎర్రనీళ్ళు కలిపింది తనే. ఆ క్షణాన ఆ సంగతి ఆమెకు గుర్తు రాలేదు.

తేజేశ్వర్ కళ్ళు తెరిచేసరికి పైన ఒక పోలీసు, ఇద్దరు ఆంబులెన్స్ వాళ్ళు, జయంతి కనబడ్డారు. జయంతి నోరు కదులుతోంది. మూతలు తీశాడు.

"...పోయారనుకున్నాను" అంటోంది.

"లేదు. పడుకున్నాను."

ఆమె కళ్ళు తుడుచుకుంది. "ఇంతమందిని నా మీద వదిలేసి పడుకున్నారా?" అంది.

పోలీసు కుర్రవాడు చొక్కా వాసన చూసి, ఇదేమిటని అడిగాడు. ఒక మనిషి మీద మరీ ఎక్కువమంది కళ్ళు పడితే కీడు జరుగుతుందనీ, అది జరగకుండా ఈ నీళ్ళు కాపాడతాయనీ కోటేశ్వరరావు ఓపిగ్గా వివరించాడు. పోలీసు ఆంబులెన్స్‌నీ, జనాన్నీ, కదలని ట్రాక్టర్‌నీ చూసి, ఈసారి నీళ్ళు కాస్త ఎక్కువ కలుపుకోమన్నాడు. సొంత స్థలంలో కట్టకేసి కాల్చుకోవడం గురించి తను అడిగేదేమీ లేదనీ, దారిలోంచి కార్లు మాత్రం తీయాలనీ చెప్పాడు.

హ్యాడ్లీ సిగ్గుపడుతూ పులిహోర తిన్నాడు. కర్పూరం పెట్టి ఉంచిన గుమ్మడికాయను చూసి, దీన్నేం చేస్తారని అడిగాడు. దిష్టికి పగలగొడతామని వసుమతి చెప్పింది. దేనితో పగలగొట్టాలో శాస్త్రంలో ఉందా అని జయంతి అడిగింది. లేదని కోటేశ్వరరావు ఒప్పుకున్నాడు.

గుమ్మడికాయ మట్టికట్ట మీదకు ఎక్కింది. జనమంతా బాగా వెనక్కి వెళ్ళి నిలబడ్డారు. తేజేశ్వర్ భుజానికి తుపాకి ఎలా ఆనించాలో చూపించాడు. జయంతి పొద్దుటినుంచీ వచ్చినవాళ్ళలో ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఇప్పుడు కొంగు బిగించి పేల్చింది. గుమ్మడికాయకు చిన్న కన్ను పడింది. రెండోది దాని పక్కనే తగిలింది. ఆమె తూటాల పెట్టె ఖాళీ అయ్యేదాకా ఆపలేదు. తేజేశ్వర్ ఎన్నడూ అంత దగ్గర దగ్గరగా కొట్టి ఎరగడు.

ఇంటికి వస్తుంటే కార్లో అతనే, "సోమవారం ఏజెంట్‌కి ఫోన్ చేస్తాను" అన్నాడు.

"దేనికి? అమ్మొద్దు" అంది జయంతి.

అతని గుండె మీదనుంచి బరువు దిగింది.

"ప్రతి శనివారం వెళ్దాం. కార్తీక వనభోజనాలు అక్కడే అని వసుమతి అక్క గ్రూప్‌లో పెట్టేసింది. ఒక షెడ్డూ, బాత్రూమూ వేయించాలి. మీరు వేరే స్టాండు కొనుక్కోండి, ఆ స్టాండు దగ్గర దీపం పెడదాం. నాకూ ఒక తుపాకి చూడండి, కాస్త బరువు తక్కువది."

తర్వాతి నెలలో స్థలం అమ్మేద్దామన్న మాట ఎత్తింది తేజేశ్వరే.