జెమైమా కాళ్ల జూలు

శనివారం గుర్రాల ప్రదర్శన పెట్టుకుని శుక్రవారం ఉదయం మొఫాట్ గారికి నడుం పట్టేసింది. ఓట్స్ జావ గిన్నె కోసం వంగిన మనిషి మళ్లీ లేవలేకపోయాడు. కూతురు ఐలా ఒక రెక్క, అల్లుడు ఫెర్గస్ ఒక రెక్క పట్టుకుని, వంగినవాణ్ని వంగినట్టే తీసుకెళ్లి పొయ్యి పక్కన బల్ల మీద పక్కకు తిప్పి పడుకోబెట్టారు. ఆయన నొప్పికి మూలగలేదు. "జెమైమా కాళ్లు ఎవరు కడుగుతారు?" అన్నాడు.

జెమైమా ఆయన ఆడగుర్రం. వాళ్లుండే క్లైడ్ లోయలో గుర్రాన్ని కింద నుంచి పైకి చూస్తారు. మోకాలి కింద నుంచి గిట్టను కప్పుతూ దిగే తెల్లటి జూలు పట్టుకుచ్చులా ఉంటే అది గుర్రం. లేకపోతే బండి లాగే జంతువు, అంతే. ఆ జూలును మెత్తటి సబ్బుతో కడిగి, తెల్లటి రంపపు పొట్టు రుద్ది తడి ఆర్చి, వెంట్రుక వెంట్రుకా విడదీసి దువ్వుతారు. కత్తెర మాట మాత్రం ఎత్తరు. చర్చిలో టోపీ తీయనివాణ్ని ఆ లోయవాళ్లు క్షమిస్తారేమో గానీ, కాలి జూలుకు కత్తెర పెట్టినవాణ్ని క్షమించరు.

ఫెర్గస్ గ్లాస్గోలో ట్రాము నడిపినవాడు. ఐలాను చేసుకుని ఈ ఇంటికొచ్చాక పొలం దున్నాడు, పాలు పితికాడు, పేడ ఎత్తాడు. జెమైమా మోకాళ్ల కింద చెయ్యి వెయ్యడానికి మాత్రం మామగారు ఒప్పుకోలేదు. ఈ వేసవిలోనైతే కాళ్లు కడిగేటప్పుడు కొట్టం తలుపు కూడా మూసుకునేవాడు. తను ఆ ఇంటి మనిషా, కూలివాడా అన్నది ఫెర్గస్‌ను లోపల తొలుస్తూనే ఉంది. అది ఆ జూలు దగ్గరే తేలుతుందని అతని నమ్మకం.

"నేను కడుగుతాను మామయ్యా."

"నువ్వా?"

"పోనీ నువ్వే వెళ్లి కడుక్కో నాన్నా. ఎలాగూ వంగే ఉన్నావు," అంది ఐలా.

ముసలాయన లేవబోయాడు, నడుం లేవనివ్వలేదు. "పైపైన కడుగు. లోపలికి వేళ్లు పెట్టి కెలకకు, దానికి గిట్టదు. పని సరిగ్గా చేశావంటే రేపు ప్రదర్శన బరిలో కళ్లెం నువ్వే పట్టుకుందువుగాని."

ఫెర్గస్ పెళ్లినాడు కూడా అంత సంతోషపడలేదు. పైపైన కడిగాడు, పొట్టు రుద్దాడు, దువ్వాడు. జెమైమా ఎప్పటిలాగే వెనక కాలు నేలకేసి దబదబా కొట్టింది. వేసవి మొదలైనప్పటి నుంచీ దానికదే అలవాటు. పొగరు, మంచి జాతి లక్షణం అనేవాడు మామగారు.

అంతా అయ్యాక ఫెర్గస్ వెనక్కి జరిగి చూశాడు. ఎడమ వెనక కాలి మడమ దగ్గర ఒక కుచ్చు పొడుగ్గా వేలాడుతోంది. దాని కొస ఒక్కటీ తీసేస్తే ఎవరికీ తెలియదనిపించింది. ఐలా కుట్టుపెట్టెలోంచి కత్తెర తెచ్చి అలా పెట్టాడో లేదో, జెమైమా కాలు కొట్టింది. కొసకు బదులు గుప్పెడు జూలు చేతిలోకి వచ్చింది.

ఎడమకు సమానం కావాలని కుడి కాలిది కొంచెం తీశాడు. కొంచెం ఎక్కువ పోయింది. కుడికి సరిపోవాలని మళ్లీ ఎడమది తీశాడు. వెనక కాళ్లు అలా ఉండి ముందు కాళ్లు ఇలా ఉంటే బాగుండదు గదా. కత్తెర కింద పెట్టేసరికి జెమైమా మేజోళ్లు విడిచిన పెద్దమనిషిలా నిలబడి ఉంది.

ఐలా టీ పట్టుకుని వచ్చింది. గుర్రాన్ని చూసింది, మొగుణ్ని చూసింది.

"ఫెర్గస్, జూలు ఏది?"

"బకెట్లో ఉంది." నీళ్లు నమిలాడు. "అతికించడానికి ఏమైనా వీలవుతుందా?"

"మా నాన్న నిన్ను చంపి, ఆ బకెట్లోనే పెడతాడు," అంది ఐలా, కోపం లేకుండా.

సరిగ్గా అప్పుడే పోస్టాఫీసు ఎఫీ గారు మొఫాట్ నడుముకు తైలం సీసా పట్టుకుని కొట్టం గుమ్మంలోకి వచ్చింది. బోడి కాళ్లను చూసి ఆవిడ మొహం చావు కబురు విన్నట్టు అయిపోయింది.

"ఏం జరిగింది నాయనా?"

ఫెర్గస్ నోరు జారాడు. "గజ్జి, ఎఫీ గారూ. జూలు కింద గజ్జి పురుగు. తీసెయ్యక తప్పలేదు."

"అంటుకుంటుందా?"

ఆడిన అబద్ధం మరీ తేలిగ్గా ఉండకూడదనుకున్నాడు. "గాలికి కూడా," అన్నాడు.

ఆవిడ సీసా అక్కడే పెట్టి వెళ్లిపోయింది. లోయ మొత్తానికి టెలిఫోన్ తీగలు కలిపేది ఆవిడే. మధ్యాహ్నానికి ప్రతి కొట్టంలోనూ కత్తెరలు ఆడాయి. తాతల నాటి నుంచి కత్తెర ఎరగని కాళ్లు బోడులయ్యాయి. తీసిన జూలు నుంచి పురుగు అంటుకుంటుందేమోనని దాన్ని పెరళ్లలో తగలబెట్టారు.

"ఏమిటా కమురు వాసన?" అన్నాడు మొఫాట్ బల్ల మీద నుంచి.

"రొట్టె మాడింది నాన్నా," అంది ఐలా.

మర్నాడు అందరి గుర్రాలూ బోడివే గదా అని, మామగారి కంట పడకుండా జెమైమా కాళ్లకు ప్రయాణం కట్లు కట్టి లారీ ఎక్కించారు. వద్దన్నా వినకుండా ముసలాయనా ఎక్కాడు. మైదానంలో దిగి, వంగిన నడుంతోనే చుట్టూ చూశాడు. ఆ ఎత్తు నుంచి ఆయనకు కాళ్లు తప్ప ఇంకేమీ కనబడవు. ఎటు చూసినా బోడి కాళ్లే. జెమైమా కట్ల వంక ఒకసారి చూసి చూపు తిప్పుకున్నాడు.

పశువైద్యుడు క్రైటన్ మాత్రం ఊరుకోలేదు. "ఈ లోయకు ఉన్న వైద్యుణ్ని నేనొక్కణ్ని. నన్ను పిలవకుండా గజ్జి అని తేల్చింది ఎవరు?"

అందరూ ఫెర్గస్ వైపు చూశారు. పక్క పొలం డాల్గ్లీష్ ముందుకొచ్చి, "పురుగు లేదని తేలిందో, నీ తల గొరిగి మా గుర్రానికి అతికిస్తాం," అన్నాడు. ఆ గొంతులో హాస్యమేమీ లేదు.

క్రైటన్ జెమైమా కాలి కట్టు విప్పి, భూతద్దం తీసి, గడ్డిలో మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఫెర్గస్ గ్లాస్గోలో ట్రాము ఉద్యోగం మళ్లీ ఇస్తారా అని ఆలోచించాడు. ఐలా కూడా వస్తుందా అన్నది ఆలోచించే ధైర్యం చాలలేదు.

క్రైటన్ లేచాడు. "గజ్జే. బాగా ముదిరింది. ఈ జంతువు కాలు నేలకేసి కొట్టడం లేదూ?"

"కొడుతుందండీ. పొగరనుకున్నాం," అన్నాడు ఫెర్గస్.

"దురద. పాపం, వేసవంతా వేగిపోయి ఉంటుంది. మీరు కనిపెట్టారు గాబట్టి సరిపోయింది. దీన్ని బరిలోకి దింపకండి, ఇంటికి తీసుకెళ్లి మందు పట్టించండి."

డాల్గ్లీష్ టోపీ తీశాడు. మిగతావాళ్లూ తీశారు. కళ్లెం పట్టుకుని బరిలో నడవాల్సినవాడు లారీ వైపు నడిచాడు. అంతమంది తనను గౌరవించడం అతను ఎప్పుడూ చూడలేదు, అంత సిగ్గూ ఎప్పుడూ పడలేదు.

దారిలో ఐలా లారీ నడుపుతోంది. ముసలాయన తన మోకాళ్ల వంక చూస్తూ అన్నాడు. "నువ్వు తీసింది గజ్జి కోసం కాదు గదా?"

"కాదు మామయ్యా. ఒక కుచ్చు పొడుగ్గా ఉందని."

"అనుకున్నాను." చాలా దూరం పోయాక మళ్లీ అన్నాడు. "గజ్జి సంగతి నాకు ఎండలు ముదరక ముందే తెలుసు. ఈ ఒక్క ప్రదర్శన దాటితే తీసేద్దామనుకున్నాను. అది అల్లాడిపోతుంటే పొగరని చెప్పుకు తిరిగాను."

ఐలా బండి ఆపి తండ్రి వైపు తిరిగింది. ఆ చూపు చాలు, ముసలాయన కళ్లలో నీళ్లు తిరిగాయి. వెనక నుంచి దబదబా చప్పుడు వినబడింది. అది వింటే ఫెర్గస్‌కు జెమైమా మీదా జాలేసింది, ఈయన మీదా జాలేసింది.

"మరి లోయలో అన్ని గుర్రాలూ ఊరికే బోడి అయ్యాయి గదా. వాళ్లతో చెప్పొద్దా మామయ్యా?"

"నోరు మూసుకుని కూర్చో. ఇన్నాళ్లూ నేను మూసుకోలేదూ?" అన్నాడు మొఫాట్. కాస్త ఆగి, "ఇక మీదట కాళ్లు నువ్వే కడుగు. లోపలి దాకా," అన్నాడు.

ఫెర్గస్ రోజూ కడిగి మందు పట్టించాడు. కొన్నాళ్లకు జెమైమా కాలు కొట్టడం మానేసింది. దానికి పొగరు తగ్గిందని ఎఫీ గారు లోయంతటికీ ఫోన్ చేసి చెప్పింది.