నేలమీద పడని బంతి

ఒక పెద్ద అడవిలో రాజు ఒక్కడే ఉన్నా సరిపోయేది. కానీ రాజుగారికి పెళ్ళయింది, పెళ్ళితోపాటు బావమరిది కూడా వచ్చాడు.

ఆ బావమరిది సింహం పేరు ప్రచండుడు. పొద్దస్తమానం నిద్రే. మెలకువగా ఉన్న కాసేపూ తానో పెద్ద టెన్నిస్ ఆటగాణ్ణనుకునేవాడు.

ఒకరోజు రాణిగారు తేల్చి చెప్పేసింది. "ఈ ఏడు మగవాళ్ళ డబుల్స్ కప్పు మా తమ్ముడికే రావాలి. అది వచ్చేదాకా నేను వేటకి పోను."

సింహాల ఇళ్ళలో వేటాడేది ఆడవాళ్ళే. మగసింహం పనల్లా జూలు విదిల్చుకోవడం, వడ్డించగానే అందరికంటే ముందు కూర్చోవడం. కాబట్టి రాజుగారికి విషయం వెంటనే అర్థమైంది. టెన్నిస్ సంఘం కార్యదర్శి నక్క నరహరిని పిలిపించాడు.

"సింగిల్స్ అయితే సులువు ప్రభూ," అన్నాడు నరహరి. "తమరితో ఆడ్డానికి ఎవడూ రాడు కనక ఏటా తమరే విజేత. డబుల్స్‌కి జోడీ కావాలి. అక్కడే చిక్కొచ్చింది."

చిక్కు నిజమే. నిరుడు ప్రచండుడికి జోడీగా ఆడింది ఒక దుప్పి. ఓడిపోయిన సాయంత్రం నుంచి దుప్పి జాడ లేదు. ప్రచండుడు మాత్రం రెండ్రోజులపాటు ఆకలి లేదన్నాడు. అప్పట్నుంచి డబుల్స్ అన్న మాట వింటే చాలు, అడవిలో అందరికీ కాలో నడుమో బెణికేది.

ఈసారి ఆ పిడుగు ఏదుపంది గురవయ్య నెత్తిన పడింది. గురవయ్యకి ఒంటినిండా ముళ్ళే గానీ మనసు వెన్న. దుంపలు తవ్వుకు తింటూ, పెళ్ళాం చెప్పినట్టు వింటూ, ఎవరి జోలికీ పోకుండా బతికేవాడు. రాకెట్టు ఏవైపు పట్టుకోవాలో కూడా తెలియదు.

"నాకు ఆట రాదు నరహరిగారూ!"

"ఆయనకీ రాదురా. అందుకే జోడీ కుదిరింది."

"మరి ఓడిపోతే?"

"నీ ముళ్ళు పీకించి వడ్డిస్తాం," అన్నాడు నరహరి మామూలుగా.

గురవయ్య ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి. వాటిని చూడగానే నరహరికి ఒక ఆలోచన తట్టింది. ఆ అడవిలో బంతులు బూరుగు దూదితో చేసేవారు. ముల్లు తగిలితే ఇట్టే గుచ్చుకుపోతాయి. ఆ పూటే సంఘం నియమం మార్చేశాడు: బంతి నేలను తాకితేనే పాయింటు తేలుతుంది, ఆటగాడి ఒంటికి తగిలితే లెక్కలోకి రాదు.

"నువ్వు చెయ్యాల్సిందల్లా వల దగ్గర వెనక్కి తిరిగి నిలబడ్డమే," అని గురవయ్యకి నేర్పాడు. "బంతి కింద పడదు. పడకపోతే మనం ఓడం. ఓడకపోతే గెలిచినట్టేగా!"

చదువుకున్నవాడు చెప్పాడు కదా అని గురవయ్య నమ్మాడు.

ఫైనల్ దాకా ఏ ఇబ్బందీ రాలేదు. ఎదుటి జంటలన్నీ కడుపునొప్పని తప్పుకున్నాయి. ఫైనల్లో మాత్రం కొండముచ్చు అన్నదమ్ములు ఎదురయ్యారు. చెట్టెక్కగలిగినవాళ్ళకి రాజభక్తి కాస్త తక్కువే. పెద్దవాడు ప్రచండుణ్ణి చూసి పళ్ళికిలించాడు కూడా.

అంపైరు తాబేలు తాతారావు పుట్టమీద కూర్చుని, మెడ బయటికి పెట్టి, "ఆట మొదలు" అన్నాడు. పెద్ద కొండముచ్చు సర్వీసు కొట్టాడు. బంతి రయ్యిమని వచ్చింది.

"నీది!" అని అరిచాడు ప్రచండుడు. డబుల్స్‌లో అతను నేర్చుకున్నది ఆ ఒక్క మాటే.

గురవయ్య కళ్ళు మూసుకుని, వెనక్కి తిరిగి, దేవుడా అనుకున్నాడు. బంతి వచ్చి నడుంమీద ముళ్ళకి గుచ్చుకుని అక్కడే ఉండిపోయింది.

"పాయింటు ఎవరిది?" అనడిగాడు చిన్న కొండముచ్చు.

తాతారావు చాలాసేపు ఆలోచించాడు. తాబేలు తొందరపడి తీర్పు చెప్పిందని ఇంతవరకూ ఎవరూ అనలేదు. చివరికి, "బంతి నేలమీద పడలేదు కాబట్టి ఆట నడుస్తోంది. నడుస్తున్న ఆటలోంచి ఎవరూ బయటికి పోకూడదు," అన్నాడు.

"అయితే మా తమ్ముడు గెలిచినట్టేనా?" గద్దించింది రాణిగారు.

"ఇంకా ఓడలేదమ్మా."

"అయితే నేనూ ఇంకా వేటకి పోవడం లేదు."

ఓటమి రాకుండా తలుపేస్తూ గెలుపుని కూడా బయటే ఉంచేశానని నరహరికి అప్పుడు తెలిసొచ్చింది.

పొద్దు గూకింది, మళ్ళీ తెల్లారింది. కొండముచ్చులు వలమీద తోకలు ఆరేసుకుని కబుర్లలో పడ్డారు. ప్రచండుడు గీతమీదే గుర్రు పెట్టాడు. వ్యాఖ్యానం చెప్పే చిలక మాత్రం గొంతు చించుకుంటోంది. "ఉత్కంఠ! ఉత్కంఠ! ఏ క్షణమైనా ఏమైనా జరగచ్చు!"

గురవయ్యకి వణకడానికీ భయమే. వణికితే బంతి పడుతుంది, పడితే ప్రాణం పోతుంది. పిల్లలు గుర్తొచ్చి ఏడుపొచ్చింది. ఏడిస్తే ఒళ్ళు కదులుతుందని అదీ మానుకున్నాడు.

నరహరికీ భయమే, బంతి పడితే తన పదవి ఊడుతుంది. అందుకని గురవయ్యకి ఎండ తగలకుండా టేకాకులు పట్టించాడు. వేళకి దుంపలు తెప్పించి స్వయంగా నోటికందించాడు. "గురవయ్యగారూ, కాస్త మెల్లగా నమలండి. తుమ్మకండి బాబూ, దణ్ణం పెడతాను!"

రాజుగారి కడుపులో ఎలకలు పరుగులెత్తాయి. ఇక తాళలేక తనే కోర్టులోకి దిగాడు.

"ఈ ఆట ఎప్పుడు తెములుతుందయ్యా?"

"కమిటీ వేశాను ప్రభూ," అన్నాడు నరహరి. "సభ్యులు భోంచేసి కూర్చుంటారు."

రాజుగారు భోజనం దగ్గరే ఆగిపోయాడు. తర్వాతి మాట ఆయన చెవినపడలేదు.

"నాకీ గతి పట్టించిందెవడు?" అని గర్జించాడు.

నరహరి గురవయ్యని చూపించాడు. గురవయ్య ముళ్ళన్నీ లేచి నిలబడ్డాయి. రాజుగారు వాటిని ఎగాదిగా చూసి, మూతి తడుముకుని, మెల్లగా తల పక్కకి తిప్పాడు. అక్కడ కార్యదర్శిగారు చేతిలో దుంప పట్టుకుని, నున్నగా, దుప్పికంటే పుష్టిగా నిలబడి ఉన్నాడు.

"ప్రభూ, నియమం ప్రకారం ఆట నడుస్తుండగా..." అని మొదలుపెట్టాడు నరహరి. మిగతా నియమం ఎవరికీ వినపడలేదు.

కడుపు నిండిన రాజుగారు అక్కడే పడుకున్నాడు. రాణిగారు ఓడిపోని తమ్ముడికి దిష్టి తీసింది. తాతారావు మెడ బయటికి పెట్టి, "ఆట నడుస్తోంది," అన్నాడు. గురవయ్య పెళ్ళాంపిల్లల్ని కోర్టు పక్కకే పిలిపించుకుని, దుంప నములుతూ, ఈ ఆటేదో బాగానే ఉందనుకున్నాడు.

నీతి: నియమాలు రాసేవాడికి బుర్ర లేకపోయినా ఫరవాలేదు గానీ, ఒంటినిండా ముళ్ళు మాత్రం ఉండాలి.