పొగమంచు రంగు తాను

పట్టు అందరూ అమ్ముతారు, మెచ్చుకోవడం తెలిసినవాడి దగ్గరే జనం కొంటారు. జపాన్‌లోని కనజావాలో కిమోనో బట్టల దుకాణం నడిపిన ముప్ఫయ్యేళ్లలో హిరోసవా తోకుజీ తేల్చుకున్న సంగతి ఇది. ఏ మనిషి దగ్గర ఏ మాట, ఎంత తూకంలో వాడాలన్నదే వ్యాపారమని ఆయన నమ్మకం.

ఆ ఉదయం వేసుకున్న పథకం చిన్నదే. తేనీటి గోష్ఠి పద్ధతులు నేర్పే కువబారా గురువమ్మ పదింటికి వస్తుంది. ఆమెకి పొగమంచు రంగు పట్టు తాను చూపించాలి. ఆమె తీసుకుంటే, వసంతంలో జరిగే గోష్ఠికి శిష్యురాళ్లు పదకొండుమందీ అదే రంగు కొంటారు. గురువుని మించి మెరిసే బట్ట శిష్యురాలు కట్టదు కదా. ఆ పన్నెండు తానులూ పోకపోతే మాత్రం, బట్టలు పరిచి చూపించే వెనక చాపల గదిని పక్కనున్న కాఫీ కొట్టతనికి అద్దెకివ్వాల్సిందే. అతను ఇప్పటికే రెండుసార్లు వచ్చి గోడలు కొలుచుకుని వెళ్లాడు.

బెంగల్లా కోడలు నగీసాతోనే. ఒసాకాలో పళ్ల కొట్టువాళ్ల పిల్ల, కాపురానికొచ్చి నాలుగు నెలలైంది. మనసులో పుట్టిన మాట నోట్లోకి రావడానికి ఆమెకి గడప అడ్డుండదు. అందుకని తోకుజీ పొద్దున్నే కూర్చోబెట్టి, మెచ్చుకునే మాటల మీద పాఠం చెప్పాడు. ముద్దుగా ఉందనే కవాయీ పసిపిల్లలకీ, ఫోను తొడుగులకీ. కిరేయి అని పూలనీ అంటారు, తుడిచిన నేలనీ అంటారు, కాబట్టి చవక. ఉత్సుకుషీ బరువైన మాట, ఏడాదికొకసారి వాడినా ఎక్కువే, ఎదుటివాళ్లు సిగ్గుతో ముడుచుకుపోతారు. మిగిలింది షిబుయి. పచ్చి పెర్సిమన్ కాయ నాలుకకి అంటించే వగరులోంచి పుట్టిన మాట. అరిచి పిలవని అందానికి, వయసుతోపాటు రుచి తెలిసే అందానికి అదొక్కటే తగుతుంది.

"ఇవాళ నువ్వు షిబుయి ఒక్కటే అను. ఇంకేమీ అనకు," అన్నాడు.

"తాను బాగోకపోతేనో, మామయ్యగారూ?"

"మన కొట్లో బాగోని తాను లేదు."

"ఆ కాకరకాయ రంగుది?"

"దాన్ని మనం బయటికి తియ్యం."

పదింటికి గురువమ్మ వచ్చింది. వెంట మేనకోడలు మిజుహోని కూడా తీసుకొచ్చింది. ఇరవై నాలుగేళ్ల పిల్ల, శరత్తులో పెళ్లి. గురువమ్మ, తన సంగతి తర్వాత చూద్దాం, ముందు దీనికో మంచి పొడుగు చేతుల కిమోనో గుడ్డ చూపించమంది. తోకుజీ లెక్క మార్చుకుని, రంగురంగుల పెట్టెలు దింపడానికి నిచ్చెనెక్కాడు. ఈలోగా ఆ పిల్ల చాప మీదున్న పొగమంచు తానుని ఊరికే భుజం మీద వేసుకుని చూసుకుంది. నగీసా పాఠం మరిచిపోలేదు.

"షిబుయి," అంది.

మిజుహో చెయ్యి అక్కడే ఆగిపోయింది. పెళ్లికూతుర్ని పట్టుకుని ఆ మాటంటే, నీకు యాభై దాటినట్టున్నాయని మొహం మీద చెప్పడమే. తోకుజీ గబగబా నిచ్చెన దిగొచ్చి, కోడలిది ఒసాకా అనీ, అక్కడివాళ్లు ఆ మాట వేరేగా వాడతారనీ సర్దబోయాడు.

"మా అమ్మది ఒసాకాయే," అంది గురువమ్మ.

ఇంక తోకుజీ కంగారులో పడ్డాడు. కొంగల బొమ్మలున్న తాను పరిచాడు, కిరేయి అన్నాడు. చామంతులు పరిచి మళ్లీ కిరేయి అన్నాడు. నాలుగో తాను దగ్గరికొచ్చేసరికి ఆ మాటలో తడిగుడ్డ వాసన ఆయనకే తగిలింది. దాంతో, ఏడాదికని దాచుకున్న బరువైన మాట తీసి వాడేశాడు. అదైనా బట్టని అన్నాడా అంటే లేదు, పిల్లని చూసి అన్నాడు. మిజుహో చెవులు ఎర్రబడ్డాయి. గురువమ్మ చేతిలో విసనకర్ర మూసుకుంది.

"అన్నీ మా స్థాయికి మించిన సరుకే, తోకుజీగారూ. ఆలోచించుకుని వస్తాం."

ఆ ఊళ్లో ఆ మాటకి అర్థం ఇంక రామని. తోకుజీ నుదురు చాపకి ఆనించి నమస్కరించాడు. మూసిన కళ్లకి ఆ చాపల గదిలో కాఫీ కుర్చీలు వరసగా కనిపించాయి.

పొద్దుటి పాఠంలో ఈ సంగతి లేదు. పళ్ల కొట్లో ఎవరైనా ఆలోచించుకుంటామంటే వాళ్లకి ఎక్కడో ముల్లు గుచ్చుకుందని లెక్క, అదేదో అడిగి తీసేస్తారు. నగీసా వెళ్లి వాళ్ల ఎదురుగా కూర్చుంది.

"దేని గురించి ఆలోచిస్తారండీ? ఇక్కడే ఆలోచించండి, టీ పెడతాను. ధర గురించైతే ధర అని చెప్పండి. నా మాట గురించైతే, మామయ్యగారు అనమన్నారని అన్నాను. కానీ నాకు నిజంగానే అలా అనిపించింది."

తోకుజీ నుదురు చాప మీదే ఉంచాడు. ఎత్తడం కన్నా అదే క్షేమమనిపించింది.

మిజుహో గొంతు వినిపించింది. "నెలరోజులుగా అందరూ నన్ను బొమ్మలా ఉన్నావంటున్నారు. కాబోయే అత్తగారు కూడా అదే మాట. ఈ బట్ట వేసుకుంటే యాభయ్యేళ్లప్పుడు ఎలా ఉంటానో కనిపించింది. పర్వాలేదు, బాగానే ఉంటాననిపించింది. నాకిదే కావాలి, అత్తయ్యా."

గురువమ్మ ఆ పిల్లని కొత్తమనిషిని చూసినట్టు చూసింది. "అయితే ఇంక నాకేం మిగిల్చావే?" అంది, కోపమేమీ లేకుండా. మేనకోడలు కట్టే రంగు తను కట్టదు. పరిచి ఉన్న గుడ్డల మీద చూపు తిప్పి, అరవై ఎనిమిదేళ్ల మనిషి, కుంకుమ రంగు తాను లాక్కుని భుజం మీద వేసుకుని అద్దం ముందుకెళ్లింది.

తోకుజీ తలెత్తాడు. ముప్ఫయ్యేళ్ల సరుకంతా వెతికినా ఆ తూకానికి సరిపోయే మాట దొరకలేదు. నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. గురువమ్మ ఆయన మొహం అద్దంలో చూసింది.

"కట్టెయ్యండి," అంది.

గురువమ్మే కుంకుమ కట్టుకున్నాక శిష్యురాళ్లకి అడ్డేముంది? ఆ వారంలో పదకొండుమందీ వచ్చి ఏళ్ల తరబడి కదలని నీలాలూ, ఆకుపచ్చలూ, ఆఖరికి కాకరకాయ రంగుతో సహా తీసుకెళ్లారు. చాపల గది చాపల గదిగానే ఉంది. పొగమంచు తానులు మాత్రం పదకొండూ మిగిలిపోయాయి. వాటిని ఏమని మెచ్చుకుని అమ్మాలో కోడల్ని అడగాలని తోకుజీ అనుకుంటూనే ఉన్నాడు, ఇంకా అడగలేదు.